‘వేయిపడగలు’ ముగింపుతో పేచీ ఉన్నవాళ్ళకి

‘వేయిపడగలు’ గురించి రెండు రకాల మాటలు వింటూ వచ్చాను. ఒకటి, అది మడి కట్టుకుని చదవాల్సిన మహాగ్రంథం. రెండోది, అది కాలాన్ని వెనక్కి తిప్పాలని చూసిన ఒక పండితుడి వెయ్యి పేజీల సణుగుడు. ఈ రెండో జట్టుకి ముగింపంటే మరీ చిరాకు. ఊరూ, గుడీ, జమీ అన్నీ కూలిపోయాక, ధర్మారావు భార్యని చూసి నువ్వు మిగిలావని తృప్తిపడతాడు. ఇదెక్కడి ముగింపండీ, ఇది పారిపోవడం కాదా అని అడుగుతారు.

నా స్నేహితులందరూ ఈ రెండో జట్టే. నా రాజకీయాలూ వాళ్ళవే. వర్ణవ్యవస్థ గురించి విశ్వనాథ సత్యనారాయణ చెప్పేది నాకు ఒక్క పేజీ కూడా మింగుడు పడలేదు. దేవదాసి గిరికని ఆయన ఎంత అందంగా చూపిస్తే నాకు అంత కోపం వచ్చింది. అయినా సరే, ముగింపు విషయంలో మాత్రం మావాళ్ళు పొరపాటు పడుతున్నారనే అంటాను.

ముందు లెక్క చూద్దాం. నవల మొదట్లోనే కలలో వేయి పడగల పాము కనిపిస్తుంది. ఆ పాము సుబ్బన్నపేటకి దేవుడు, ఆ పడగలు ఆ ఊరి బతుకు. మా వృత్తి భాషలో చెప్పాలంటే, లూప్ ఎక్కడ ఆగాలో మొదటి అధ్యాయంలోనే రాసి ఉంది. అక్కడినుంచి కథంతా తీసివేతే. జమీ చితికిపోతుంది, గుడి ఉత్సవాలు వెలవెలబోతాయి, గిరిక పోతుంది, పసిరిక పోతాడు. వచ్చేవన్నీ (ఇంగ్లీషు చదువు, కరెంటు దీపాలు) ఏదో ఒకదాన్ని పడగొట్టి గానీ రావు. చివరికి మిగిలేవి రెండే పడగలు, ఆ రెండూ కలిపి దాంపత్యం. వెయ్యితో మొదలుపెట్టినవాడు రెండు దగ్గర ఆగాడంటే, తొమ్మిదివందల తొంభై ఎనిమిది పోయాయని తన నోటితో ఒప్పుకున్నట్టే కదా? 1934లో ఈ నవల రాసిన మనిషి ఆ వ్యవస్థని ప్రాణంగా ప్రేమించినవాడు. కావాలంటే చివర్లో ఒక అవతారపురుషుణ్ణి దింపి గుడి గోపురం మళ్ళీ నిలబెట్టొచ్చు. నిలబెట్టలేదు. దీన్ని పారిపోవడం అనేవాళ్ళు ఆ తీసివేతని ఒక్కసారి మళ్ళీ చేసి చూడాలి.

అసలు మన విమర్శకి ఒక అలవాటుంది. నాయకుడు నాశనమైతేనే ముగింపు నిజాయితీగా ఉన్నట్టు లెక్క. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు శ్మశానంలో చచ్చిపోతాడు, మనం శభాష్ అంటాం. అది గొప్ప ముగింపే, కాదనను. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ పేరులోనే ఈ ప్రశ్న ఉంది. అక్కడ దయానిధి వెతుక్కునేది తనతో తాను సమాధానపడటం, దానికి ఇంకో మనిషి అక్కర్లేదు. ధర్మారావుకి అలా కుదరదు. ఏం మిగిలిందన్న ప్రశ్నకి అతని జవాబు ఎదురుగా ఉన్న ఇంకో మనిషి. ఆధునికుల నవలలో మనిషి ఒంటరిగా తేలాడు, ఛాందసుడని మనం పక్కనపెట్టిన ఆయన నవలలో ఇద్దరుగా తేలారు. ఇందులో నాకు ఒక గమ్మత్తు కనిపిస్తుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇదంతా ఒక ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ మా ఆవిడకి ఉత్సాహంగా చెప్పాను. తను చదివింది. నెల పట్టింది. చదివి ఒకే ప్రశ్న వేసింది: “నువ్వు మిగిలావు అంటున్నాడు సరే, ఏ అరుంధతితో?”

నా దగ్గర జవాబు లేదు. మొదటి అరుంధతి చచ్చిపోయింది. ధర్మారావు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, ఆమె పేరు కూడా అరుంధతే. చివరి మాట వినేది ఈ రెండో ఆమె. భార్య పోతే అదే పేరుతో ఇంకో భార్య, పైగా దాంపత్యం చెక్కుచెదరలేదని సంబరమా? ఆడమనిషి అంటే ఖాళీ అయితే భర్తీ చేసుకునే ఉద్యోగమా? రచయిత జీవితంలోనూ మొదటి భార్య పోయిందని, ‘వరలక్ష్మీ త్రిశతి’ ఆ దుఃఖంలోంచే వచ్చిందని చెప్పి తప్పించుకోబోయాను. “అది ఆయన దుఃఖం. రెండో అరుంధతి ఏమనుకుందో వెయ్యి పేజీల్లో ఎక్కడుంది?” అంది. చాలా రోజులు ఆ మాట నాతో ఆఫీసుకి వచ్చింది, తిరిగొచ్చింది.

ఆ అభ్యంతరం న్యాయమైనదే. నేను దాన్ని కొట్టిపారేయను. కానీ దానివల్లే నాకు ముగింపు ఇంకా నచ్చడం మొదలైంది. మిగిలిన ఆ ఒక్కటీ చెక్కుచెదరకుండా మిగల్లేదు, ఒకసారి విరిగి అతుక్కుంది. ఆ అతుకు చదివేవాడికి కనిపిస్తూనే ఉంటుంది. ధర్మారావు నోట ఆ సమయంలో వచ్చే మాటలు చూడండి. జాతి శక్తి అంటాడు, వెంటనే అదృష్టం అంటాడు. నవలంతా ధర్మం, ధర్మం అని వాదించిన మనిషి, తన పేరులోనే ధర్మం ఉన్నవాడు, లెక్క ముగిసేచోట అదృష్టం అన్నాడు. అదృష్టమంటే పూర్వకర్మ ఫలమని శాస్త్రం తెలిసినవాళ్ళు నన్ను సరిదిద్దుతారు. దిద్దనివ్వండి. అలా చూసినా అది తన వాదనతో గెలుచుకున్నది కాదు, తనకి దక్కినది. వెయ్యి పేజీల పట్టుదల ఆ ఒక్క మాట దగ్గర సడలింది. నాకు తృప్తినిచ్చింది అదే. అందుకు ఆయన అభిప్రాయాల్లో ఒక్కదానితోనూ నేను ఏకీభవించాల్సిన పని పడలేదు.

ఈ చివరి అధ్యాయాలు నేను కొత్తగూడలో చదివాను. 1998లో సైబర్ టవర్స్ వచ్చాక ఈ చుట్టుపక్కల ఏ ఊరూ ఊరుగా లేదు. 2023 జనవరి 1న తెరిచిన ఫ్లైఓవర్ మీద నేను రోజూ వెళ్తాను, కింద ఏముండేదో నాకు తెలీదు. పేరు చివర ‘గూడ’ ఒకటి మిగిలింది. దీనికి ఏడ్చే హక్కు నాకు లేదు. నా జీతం ఇక్కడే వస్తుంది, సుబ్బన్నపేట కథలో నేను కరెంటు దీపాల జట్టు. ఆ జట్టువాణ్ణయి ఉండీ, పడిపోయిన పడగల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టిన ముసలాయన పక్కన కాసేపు కూర్చోగలిగాను.

మా ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు. రెండో అరుంధతి వైపునుంచి ఎవరైనా ఆ చివరి రాత్రి రాస్తే చదువుతానంది. మూడువందల పేజీలు దాటకూడదట.