పాటగాడి బాకీ

ఆగస్టు మొదటి పది రోజుల్లో ముగ్గురు పాటగాళ్ల వర్ధంతులు వస్తాయి. 4న వంగపండు ప్రసాదరావు, 6న గద్దర్. ఈ ఇద్దరి గురించీ మన జిల్లాల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. 10న మూడో మనిషి. నార్వే దేశపు గిటారిస్టు, మేహెమ్ అనే బ్యాండుకు పెద్దదిక్కు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఓయ్‌స్టైన్ ఆర్షెత్. తను పెట్టుకున్న పేరు యూరోనిమస్, అది ఒక దయ్యం పేరు. 1993లో ఓస్లోలో తను ఉండే భవనం మెట్ల మీద కత్తిపోట్లకు చనిపోయాడు. పొడిచింది బయటివాడు కాదు, తన బ్యాండులోనే వాయించిన వర్గ్ వికెర్నెస్ అనే ఇరవయ్యేళ్ల కుర్రాడు.

ఈ మూడో పేరు ఇక్కడ ఎందుకు ఎత్తానంటే, బొబ్బిలి నుంచి ఒక తండ్రి ఉత్తరం రాశారు. కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడట. ఎప్పుడూ నల్ల చొక్కా, దాని మీద బర్జమ్ అని రాసి ఉంటుందట. గది తలుపేసుకుని అరుపుల పాటలు వింటాడట. 'మావాడు సైతాను పూజల్లో గాని పడ్డాడా బావూ' అని అడిగారు. బర్జమ్ ఆ వికెర్నెస్ ఒక్కడే నడిపిన బ్యాండు పేరు. తండ్రి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అలాగని ఆ సంగీతాన్ని తిట్టనూ తిట్టను.

ఆ సంగీతాన్ని బ్లాక్ మెటల్ అంటారు. అందులో గొంతు మాటను పలకదు, చీల్చుకుని బయటికొస్తుంది. గిటారు ఆగకుండా రంపపు కోతలా సాగుతుంది. మొహానికి తెల్లరంగు, కళ్ల చుట్టూ నలుపు, అచ్చం శవంలా. మొహానికి రంగు పూసుకుని గర్జించడం మనకేమీ కొత్త కాదు. విజయనగరం వీధుల్లో పులివేషాన్ని చూసి జడుసుకోని పిల్లలెవరు? అయితే పులివేషగాడు సాయంత్రానికి రంగు కడుక్కుని ఇంటికెళ్లి అన్నం తింటాడు. నార్వే కుర్రాళ్లు కడుక్కోవడం మానేశారు. నిజమైన దుష్టత్వం మాదేనని పత్రికలకు చెప్పుకున్నారు. అలా చెప్పాక వాళ్లకు ఆ మాట నిలబెట్టుకోవలసిన పని పడింది.

1991 ఏప్రిల్‌లో మేహెమ్ గాయకుడు ఆత్మహత్య చేసుకున్నాడు. వేదిక మీద అతని పేరే డెడ్. శవాన్ని మొదట చూసిన యూరోనిమస్, పోలీసులకు కబురు చెయ్యకముందే బజారుకెళ్లి కెమెరా కొనుక్కొచ్చి ఫొటోలు తీశాడు. ఆ ఇల్లు, ఆ స్నేహం అన్నీ ఆ క్షణంలో వేషానికి సరుకైపోయాయి. మరుసటి ఏడాది జూన్ 6న బెర్గెన్ దగ్గర ఫాంటోఫ్ట్‌లో 12వ శతాబ్దపు కొయ్య చర్చి కాలిపోయింది. ఆ బూడిద ఫొటోనే వికెర్నెస్ తన రికార్డు అట్ట మీద వేశాడు. మొదటి వెయ్యి కాపీలతో పాటు ఒక లైటరు కూడా ఇచ్చారు. 1994లో హత్యకూ, మూడు చర్చిలు తగలబెట్టినందుకూ కోర్టు 21 ఏళ్ల శిక్ష వేసింది. 2009లో బయటికొచ్చి ఫ్రాన్సు చేరాడు. 2014లో అక్కడి కోర్టు జాతివిద్వేషం రెచ్చగొట్టాడని మళ్లీ దోషిగా తేల్చింది. తను సైతాను భక్తుణ్ణి కానని అతను అంటున్నాడు. కాకపోవచ్చు. సైతాను కన్నా పక్కవాడి పుట్టుకను అసహ్యించుకోవడం నాకు ఎక్కువ భయం పుట్టిస్తుంది.

ఇప్పుడు మన కొండల వైపు రండి.

పలాస దగ్గర బొడ్డపాడు గుడిలో సుబ్బారావు పాణిగ్రాహి అర్చకుడు. ఒడియా ఇంట పుట్టి తెలుగులో పాట కట్టినవాడు. అమ్మవార్ల కథలు చెప్పుకునే జముకును చేతబట్టి భూమి లేనివాడి కథ చెప్పాడు. జముకు విన్నవాళ్లకు తెలుసు, అది తీయని వాద్యం కాదు. తీగ లాగితే తోలు మూలుగుతుంది, ఒంటికి తగులుతుంది. అమ్మవారి పూనకం కోసం పుట్టిన ఆ చప్పుడును ఆయన ఆకలి వైపు తిప్పాడు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర గిరిజనులు కోరన్న, మంగన్న కాల్పుల్లో చనిపోయాక ఏజెన్సీ మండింది, అదే శ్రీకాకుళ ఉద్యమం. 1969 డిసెంబరులో రంగమటియా కొండల్లో పంచాది నిర్మలతో పాటు పాణిగ్రాహి కూడా పోలీసు తూటాలకు నేలకూలాడు. పాడినదానికి తన ప్రాణమే ఇచ్చుకున్నాడు.

ఇక్కడ ఆగిపోతే అది భజనే అవుతుంది. ఆ ఉద్యమం తనూ ప్రాణాలు తీసింది, వర్గశత్రు నిర్మూలన పేరుతో. ఆ పాటలు విని కొండెక్కిన పిల్లల్లో చాలామంది తిరిగి రాలేదు. పాటగాడు వాళ్ల ముందు నడిచాడు కాబట్టి అతని చిత్తశుద్ధిని శంకించను. కానీ ముందు నడిచినంతమాత్రాన వెనక వచ్చినవాళ్ల లెక్క చెల్లిపోదు. నార్వే కుర్రాళ్ల నమ్మకానికి బలైంది పక్కనున్న మనుషులు. మన వాళ్ల నమ్మకంలో తమ ప్రాణమూ ఉంది, పక్కవాళ్ల ప్రాణమూ ఉంది. ఈ తేడా నా దృష్టిలో చాలా పెద్దది. అయినా అది అన్నిటినీ మాఫీ చేసేది కాదు.

వంగపండు సంగతి వేరు, నాకు మరీ ఇష్టమైన సంగతి. 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టారు. విశాఖ షిప్‌యార్డులో కార్మికుడిగా పనిచేశారు. 1972లో గద్దర్‌తో కలిసి జననాట్యమండలి పెట్టారు. గుమ్మడి విఠల్‌రావు గదర్ పార్టీ నుంచి పేరు తెచ్చుకుని గద్దర్ అయ్యారు, గొంగడీ కర్రా ఆ పేరుకు తోడయ్యాయి. 1997 ఏప్రిల్ 6న తగిలిన తూటా ఒకటి చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. వంగపండు మాత్రం పేరు మార్చుకోలేదు. ఆయన వేషమల్లా మన యాస. సినిమాల్లో నవ్వులాటకు వాడుకునే యాస అది. విశాఖలోనో హైదరాబాదులోనో నోరు విప్పితే ఎదుటివాడు నవ్వుతాడని మన పిల్లలు దాచుకునే యాస. ఆయన గజ్జె కట్టి అదే యాసలో గొంతెత్తితే, నవ్వేవాడు లేచి నిలబడి కోరస్ అందుకున్నాడు. యంత్రాన్ని తిప్పేది ఎవరి ఒంటి సత్తువో చెప్పిన పాట షిప్‌యార్డు అనుభవం లేనివాడు కట్టగలిగేది కాదు. మొహానికి ఏ రంగూ పూయకుండా, ఉన్న నోటినే ఆయుధం చేసిన పాటగాడు మా ప్రాంతానికి అంతకన్నా పెద్దవాడు లేడని నా నమ్మకం.

2017లో రాష్ట్ర ప్రభుత్వం కళారత్న ఇస్తే వంగపండు తీసుకున్నారు. గద్దర్ చివరి ఏళ్లలో గుళ్లకు వెళ్లారు, 2018లో ఓటు వేశారు. నమ్మినవాళ్లు చాలామంది నొచ్చుకున్నారు. వాళ్ల బాధ న్యాయమైనదే. నలభై ఏళ్లు వద్దన్నదాన్ని ఒకరోజు తీసుకుంటే, వద్దన్నప్పుడు విని చదువులొదిలేసినవాడికి ఏం చెప్పాలి? అయినా నాకు కనిపించేది మరొకటుంది. మనసు మార్చుకున్నా ఈ ఇద్దరూ పాటను కూలివాడి మీదికి తిప్పలేదు. వికెర్నెస్ మూడు పదులు దాటాక కూడా ద్వేషాన్నే పట్టుకుని కూర్చున్నాడు.

అంచేత బొబ్బిలి నాయనగారూ, ఆ చొక్కా చింపకండి. అరిచే గొంతులో తప్పు లేదు, కడుపులో మంట ఉన్నవాడు సన్నాయి నొక్కులు నొక్కడు. 1994లో వచ్చిన మేహెమ్ ఆల్బమ్‌లో గిటారు చచ్చినవాడిది, బేస్ చంపినవాడిది. ఆ సంగతి మీవాడికి తెలిసే ఉంటుంది. తెలిసి ఎలా వింటున్నాడో అడగండి, తప్పు పడుతున్నట్టు కాకుండా నిజంగా తెలుసుకోవాలని అడగండి. ఆ సంగీతం గురించి మీకన్నా నాకన్నా వాడికే ఎక్కువ తెలుసు. ఆ తరవాత ఒక సాయంత్రం వంగపండు పాట ఒకటి, గట్టిగా, అదే స్పీకరులో పెట్టండి. రెండు గొంతుల్లో ఏది ఎవరి పక్షాన అరుస్తోందని వాడికి తోచిందో నాకు రాయమనండి. ఉన్నదున్నట్టు ఇక్కడే అచ్చేస్తాను.