నితీశ్ కుమార్ రెడ్డి బ్యాటరా, బౌలరా? రూ.6 కోట్ల వెనకున్న అసలు లెక్క ఇదీ..

సికింద్రాబాద్: తొమ్మిది రోజుల్లో మూడు సంగతులు జరిగాయి. మూడూ ఒకే కుర్రాడి చుట్టూ తిరుగుతున్నాయి.

డిసెంబర్ 12న పుణెలో జరిగిన సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీ మ్యాచ్‌లో ఆంధ్ర ఆల్‌రౌండర్ నితీశ్ కుమార్ రెడ్డి మధ్యప్రదేశ్‌పై హ్యాట్రిక్ తీశాడు. 16న అబుదాబిలో జరిగిన ఐపీఎల్ మినీ వేలంలో అతని ఫ్రాంచైజీ సన్‌రైజర్స్ హైదరాబాద్ మరో ఆల్‌రౌండర్ లియామ్ లివింగ్‌స్టన్‌ను రూ.13 కోట్లు పెట్టి తెచ్చుకుంది. 20న బీసీసీఐ ప్రకటించిన టీ20 ప్రపంచకప్ జట్టులో నితీశ్ పేరు లేదు. పేస్ ఆల్‌రౌండర్ల కోటాలో హార్దిక్ పాండ్యా, శివమ్ దూబే ఎంపికయ్యారు.

2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో సెంచరీ కొట్టి తెలుగు ఇళ్లలో పండగ తెచ్చిన ఆటగాడి పరిస్థితి ఇదీ. 22 ఏళ్ల వయసులో అతను ముగిసిపోయాడని ఎవరూ అనడం లేదు. కానీ అతన్ని ఎలా వాడుకోవాలో ఎవరికైనా తెలుసా అన్న ప్రశ్న మాత్రం గట్టిగానే వినిపిస్తోంది.

మనోడే.. కానీ లెక్క వేరు

మ్యాచ్ ఉన్న రోజు సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే మెట్టుగూడ, తార్నాక, హబ్సిగూడ, ఎన్జీఆర్ఐ దాటగానే స్టేడియం స్టేషన్ వచ్చేస్తుంది. బోగీ నిండా నారింజ జెర్సీలే. జట్టు పేరులో హైదరాబాద్ ఉన్నా తుది జట్టులో తెలుగువాడు కనిపించడనే అసంతృప్తి అభిమానుల్లో చాలాకాలం ఉండేది. విశాఖ కుర్రాడు నితీశ్ వచ్చాక ఆ మాట తగ్గింది. అందుకే అతను సిక్స్ కొడితే ఉప్పల్‌లో వచ్చే అరుపు వేరేగా ఉంటుంది.

అభిమానం సంగతి అలా ఉంచితే, ఫ్రాంచైజీ చూసేది వేరు. ఈ ఆటగాడు ఏ స్థానంలో ఆడతాడు? ఎన్ని ఓవర్లు వేస్తాడు? అతను ఉంటే జట్టులో ఇంకెవరికి చోటు దొరుకుతుంది? ఈ మూడు ప్రశ్నలకు నితీశ్ విషయంలో ఇప్పటికీ స్పష్టమైన జవాబు లేదు.

రూ.6 కోట్లు ఎలా వచ్చాయి?

2023 ఐపీఎల్‌కు ముందు సన్‌రైజర్స్ అతన్ని కొన్న ధర రూ.20 లక్షలు. ఆ సీజన్‌లో 2 మ్యాచ్‌లు ఆడినా బ్యాటింగ్ అవకాశమే రాలేదు. 2024లో కథ మారింది. 13 మ్యాచ్‌ల్లో 303 పరుగులు, స్ట్రయిక్‌రేట్ దాదాపు 143. ముల్లాన్‌పూర్‌లో పంజాబ్‌పై 37 బంతుల్లో 64, ఉప్పల్‌లో రాజస్థాన్‌పై 42 బంతుల్లో 76 నాటౌట్. ఆ రెండు మ్యాచ్‌లనూ సన్‌రైజర్స్ గెలిచింది వరుసగా 2 పరుగులు, 1 పరుగు తేడాతోనే. ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు కూడా అతనికే వచ్చింది.

ఆ ఏడాది అక్టోబర్‌లో బంగ్లాదేశ్‌పై టీ20 అరంగేట్రం. ఢిల్లీలో 34 బంతుల్లో 74 కొట్టి, బంతితో 2 వికెట్లు తీశాడు. భారత్ 86 పరుగుల తేడాతో గెలిచింది. రిటెన్షన్ గడువుకు కొద్ది రోజుల ముందు జరిగిన ఈ సిరీస్‌తో అతని ధర లెక్కే మారిపోయింది. అంతర్జాతీయ మ్యాచ్ ఆడని ఆటగాడిగా ఉండి ఉంటే రిటెన్షన్ ధర రూ.4 కోట్లే. ఆడేశాడు కాబట్టి అయిదో క్యాప్డ్ ఆటగాడి కింద లెక్కలోకి వచ్చాడు.

అయిదుగురికి కలిపి కేటాయింపు రూ.75 కోట్లు. క్లాసెన్‌కు 23, కమిన్స్‌కు 18, అభిషేక్ శర్మకు 14, ట్రావిస్ హెడ్‌కు 14 పోగా మిగిలింది అక్షరాలా రూ.6 కోట్లు. అంటే ఆ ధర ఎవరో కూర్చుని అతని ఆటను తూచి ఇచ్చింది కాదు, పై నలుగురికీ ఇచ్చాక మిగిలిన మొత్తం. బహిరంగ వేలంలోకి వెళ్తే ఎంత పలికేవాడన్నది నేటికీ తేలలేదు.

రెండు రికార్డులు.. రెండు వేర్వేరు నితీశ్‌లు

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. ఐపీఎల్ అంకెలు చూసినవాళ్లు నితీశ్‌ను బ్యాటర్ అంటారు. 2024లో 303 పరుగులు చేసిన అతను బంతితో తీసింది 3 వికెట్లే.

రంజీ స్కోర్‌కార్డులు చూసినవాళ్లు మాత్రం వేరే మాట చెబుతారు. పెర్త్‌లో టెస్టు క్యాప్ అందుకునే నాటికి అతను ఆడినవి 23 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు. చేసిన పరుగులు 779, సగటు 21 దరిదాపు. తీసిన వికెట్లు 56, సగటు 27 లోపు. ఈ కాగితం ఒక్కటే చూపిస్తే ఎవరైనా ఇతను బౌలర్, కాస్త బ్యాటింగ్ వచ్చు అనే చెబుతారు.

ఇంకాస్త వెనక్కి వెళ్తే మూడో రికార్డు ఉంది. 2017-18 అండర్-16 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1237 పరుగులు. అందులో నాగాలాండ్‌పై ఒక్క ఇన్నింగ్స్‌లోనే 441. దాంతోపాటు 26 వికెట్లు. ఆ ఏడాది బీసీసీఐ అండర్-16 ఉత్తమ క్రికెటర్ అవార్డు అతనిదే. కొడుకు ఆట కోసం హిందుస్థాన్ జింక్ ఉద్యోగం వదిలేసిన తండ్రి ముత్యాల రెడ్డి త్యాగానికి తొలి ఫలితం అది.

అంటే చిన్నప్పుడు రెండూ, రంజీలో బంతి, ఐపీఎల్‌లో బ్యాట్. ఆటగాడు మారలేదు, ఒక్కో చోట అతనితో చేయించుకున్న పని మారింది.

మెల్‌బోర్న్ చెప్పింది ఏమిటి?

2024 డిసెంబర్ 28. ఆస్ట్రేలియా 474 చేసింది. భారత్ 191కి 6 వికెట్లు పోగొట్టుకున్న దశలో నితీశ్ 8వ నంబర్‌లో దిగాడు. వాషింగ్టన్ సుందర్‌తో 127 పరుగుల భాగస్వామ్యంతో ఫాలోఆన్ ముప్పు తప్పించాడు. సెంచరీకి దగ్గర్లో ఉండగా తొమ్మిదో వికెట్ పడింది. కమిన్స్ ఓవర్‌లో మిగిలిన మూడు బంతులను సిరాజ్ కాచుకున్నాడు. తర్వాత బోలాండ్ బంతిని నితీశ్ బౌండరీకి తరలించి వంద దాటాడు. చివరికి 114.

అంతకుముందు పెర్త్‌లో 41, 38 నాటౌట్. అడిలైడ్‌లో 42, 42. సిరీస్ మొత్తంలో 298 పరుగులు. రంజీ సగటు 21 ఉన్న కుర్రాడు కమిన్స్, స్టార్క్, బోలాండ్‌లను ఎదుర్కొని ఇన్ని పరుగులు చేశాడంటే, కాగితం మీద అంకెలు మొత్తం కథ చెప్పవనే కదా!

అయితే అదే సిరీస్ ఇంకో విషయం కూడా చెప్పింది. అతను తీసిన వికెట్లు 5. అతని వేగం గంటకు 130 కిలోమీటర్ల దరిదాపు. బంతి స్వింగ్ కాని పిచ్ మీద ఆ వేగంతో టాప్ ఆర్డర్ బ్యాటర్లను ఇబ్బంది పెట్టడం కష్టం. స్వింగ్ అయితే మాత్రం లెక్క మారుతుంది. 2025 జులైలో లార్డ్స్‌లో వేసిన తొలి ఓవర్‌లోనే డకెట్, క్రాలీ ఇద్దరినీ వెనక్కి పంపాడు. అతని బౌలింగ్ ఎప్పుడు పనికొస్తుందో చెప్పే ఓవర్ అది.

పాత కథే.. కొత్త జెర్సీ

రెండు పనులూ చేసే ఆటగాళ్లు ఇక్కడివాళ్లకు కొత్తేమీ కాదు. సికింద్రాబాద్‌లో పుట్టిన ఎంఎల్ జయసింహ ఇన్నింగ్స్ ప్రారంభించడమే కాదు, అవసరమైతే కొత్త బంతీ అందుకునేవారు. 2025 మార్చిలో కన్నుమూసిన హైదరాబాదీ సయ్యద్ ఆబిద్ అలీ కూడా అంతే. 1967లో అడిలైడ్‌లో తొలి టెస్టులోనే 55 పరుగులిచ్చి 6 వికెట్లు తీశారు. అదే సిరీస్‌లో సిడ్నీలో 78, 81 చేశారు. 29 టెస్టుల్లో 1018 పరుగులు, 47 వికెట్లు. ఏ ఒక్క అంకెను విడిగా చూసినా గొప్పగా అనిపించదు. రెండూ కలిపితేనే ఆయన విలువ తెలుస్తుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇలాంటిదే ఇంకో కథ తెలుసు. అక్కడి ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి ఎటు విసరాలో నిర్ణయించే కీలక ఆటగాడు. కాలేజీ స్థాయిలో అత్యుత్తమ ఆటగాడిగా అవార్డు అందుకున్న లమార్ జాక్సన్ బంతి విసరడమే కాదు, తానే పట్టుకుని మెరుపులా పరిగెత్తేవాడు. ఇంత బాగా పరిగెత్తేవాడికి ఈ స్థానం ఎందుకు, బంతి అందుకునే చోట ఆడొచ్చు కదా అన్న మాటలు వినిపించాయి. 2018 డ్రాఫ్ట్‌లో 31 పేర్లు పిలిచాక గానీ అతని పేరు రాలేదు. మరుసటి ఏడాదే లీగ్‌లో అత్యధిక టచ్‌డౌన్ పాస్‌లు అతనివే, పరుగులో 1206 గజాలతో క్వార్టర్‌బ్యాక్‌ల రికార్డూ అతనిదే. ఎంవీపీగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. బాల్టిమోర్ జట్టు చేసిన పని ఒక్కటే. అతన్ని మార్చకుండా, అతనికి తగ్గట్టు తన ఆటను మార్చుకుంది.

నితీశ్‌కు దొరకనిది సరిగ్గా అదే.

ఇంపాక్ట్ నిబంధన దెబ్బ

టీ20లో ఒక బౌలర్ గరిష్ఠంగా 4 ఓవర్లే వేయాలి. కాబట్టి కనీసం అయిదుగురు బౌలర్లు కావాలి. టాప్ సిక్స్‌లో ఆడే బ్యాటర్ రెండు మూడు ఓవర్లు వేయగలిగితే కెప్టెన్‌కు ఊపిరి ఆడుతుంది. ఆల్‌రౌండర్‌కు ఉన్న గిరాకీ అంతా ఈ లెక్క వల్లే.

2023లో ఐపీఎల్‌కు ఇంపాక్ట్ ప్లేయర్ వచ్చాక ఈ లెక్క తారుమారైంది. బ్యాటింగ్ అయ్యాక ఒక బ్యాటర్‌ను తీసేసి స్పెషలిస్ట్ బౌలర్‌ను దింపొచ్చు. అలాంటప్పుడు సగం బౌలర్‌తో పనేముంది? దూబే, సుందర్‌లాంటి వాళ్లకు బౌలింగ్ దొరకడం లేదని, ఈ నిబంధన ఆల్‌రౌండర్ల ఎదుగుదలకు అడ్డమని రోహిత్ శర్మ 2024లోనే చెప్పాడు.

2025 సీజన్‌లో నితీశ్ వేసిన ఓవర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పక్కటెముకల కండరాల గాయం నుంచి అప్పుడే కోలుకుని వచ్చాడన్నది నిజమే. కానీ బంతి లేకపోవడంతో భారమంతా బ్యాట్ మీదే పడింది. 13 మ్యాచ్‌ల్లో చేసినవి 182 పరుగులు, స్ట్రయిక్‌రేట్ 119 దగ్గర ఆగిపోయింది. హెడ్, అభిషేక్, ఇషాన్ కిషన్, క్లాసెన్ ఉన్న జట్టులో కేవలం బ్యాటర్‌గా నిలబడాలంటే ఈ అంకెలు చాలవు.

టీమిండియాలోనూ ఇదే తంతు. అక్టోబర్‌లో వెస్టిండీస్‌తో ఢిల్లీ టెస్టులో అయిదో స్థానంలో పంపితే 43 చేశాడు. రెండు ఇన్నింగ్స్‌లోనూ బంతి మాత్రం ఇవ్వలేదు. నవంబర్‌లో గువాహటిలో దక్షిణాఫ్రికాపై 10, 0. స్పిన్ పిచ్‌ల మీద మూడో పేసర్‌కు పనుండదు. పని లేనివాణ్ణి జట్టులోకి తీసుకుని, తర్వాత ఏం చేశాడని అడిగితే ఎలా?

ముస్తాక్ అలీ ట్రోఫీలో ఇంపాక్ట్ నిబంధనను బీసీసీఐ 2024-25లోనే తీసేసింది. హ్యాట్రిక్ వచ్చింది ఆ టోర్నీలోనే. కాకతాళీయమే కావచ్చు, కానీ ఆలోచించాల్సిన విషయమే.

శరీరం సహకరిస్తుందా?

మరో వైపు వాదననూ కొట్టిపారేయలేం. 2025లో నితీశ్‌కు ముందు పక్కటెముకల కండరాలు, తర్వాత ఇంగ్లండ్‌లో మోకాలు, ఆస్ట్రేలియాలో తొడ కండరాలు ఇబ్బంది పెట్టాయి. బ్యాటింగ్, పేస్ బౌలింగ్ రెండూ చేసే శరీరానికి ఇది కొత్త కాదు. హార్దిక్ 2019లో వెన్నుకు ఆపరేషన్ చేయించుకున్నాడు. కామెరాన్ గ్రీన్ కూడా 2024లో చేయించుకున్నాడు.

అదే గ్రీన్‌ను మొన్నటి వేలంలో కోల్‌కతా రూ.25.20 కోట్లకు కొంది. విదేశీ ఆటగాళ్లలో ఇదే రికార్డు. తమాషా ఏంటంటే, వేలం జాబితాలో అతని పేరు బ్యాటర్ల కింద పడింది. అది తన మేనేజర్ పొరపాటని, బౌలింగ్ చేస్తానని అతనే చెప్పుకోవాల్సి వచ్చింది. పేస్ వేసి బ్యాటింగ్ చేసే ఆటగాడు ఎంత అరుదో ఆ ధర చెబుతోంది. అతన్ని ఏ వరుసలో రాయాలో తెలియని అయోమయం ఎంతుందో ఆ జాబితా చెబుతోంది.

సన్‌రైజర్స్ ఏం చేయాలి?

నితీశ్ విలువ ఐపీఎల్‌లో బ్యాట్ మీద, టీమిండియాలో బంతి మీద ఆధారపడి ఉంది. ఐపీఎల్‌లో బంతి దొరకకపోతే టీమిండియాకు కావాల్సిన పని అతనికి అలవాటు కాదు. హార్దిక్ తర్వాత ఎవరు అన్న ప్రశ్నకు దేశం దగ్గర ఉన్న కొద్దిమంది జవాబుల్లో ఒకడు ఇలా సగం ఆటగాడిగా మిగిలిపోతే నష్టం అతనొక్కడిదే కాదు.

లివింగ్‌స్టన్ స్పిన్ వేస్తాడు కాబట్టి నేరుగా పోటీ కాదు. కానీ మిడిల్ ఆర్డర్‌లో బంతులు పంచుకోవాల్సిందే. అందుకే 2026 సీజన్‌లో అతని పరుగుల కంటే ముందు చూడాల్సినవి మూడున్నాయి. వరుసగా ఒకే స్థానంలో ఆడిస్తున్నారా? ఫిట్‌గా ఉన్నప్పుడు మ్యాచ్‌కు కనీసం రెండు ఓవర్లు ఇస్తున్నారా? మొదటి ఓవర్‌లో 15 పరుగులిచ్చినా రెండోది ఇచ్చే ఓపిక కెప్టెన్‌కు ఉందా?

ఈ మూడింటికీ అవును అని జవాబు వస్తే, మిగిలిన డబ్బుతో కుదిరిన రూ.6 కోట్ల ధర చాలా చౌక బేరం. కాదంటే, ఉప్పల్‌లో చప్పట్లు కొట్టడానికి ఒక తెలుగు బ్యాటర్ మాత్రమే మిగులుతాడు. అండర్-16లో 1237 పరుగులతో పాటు 26 వికెట్లు కూడా తీసిన కుర్రాడు అంతకంటే ఎక్కువకే సిద్ధమై వచ్చాడు.