నగరంలోనూ మండలాలున్నాయి - పరిషత్తులే లేవు

భోగాపురం: భూమి కాగితాల కోసం తహసీల్దారు కార్యాలయానికి, వూరి పనుల కోసం మండల పరిషత్తు కార్యాలయానికి తిరగడం ఇక్కడి రైతులకు అలవాటే. రెండింటికీ హద్దు ఒక్కటే. హైదరాబాదు మహానగరాన్ని కూడా మండలాలుగానే విభజించారన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. అక్కడ వున్నది మొదటి కార్యాలయమే, రెండవది లేదు.

1985లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తాలూకాలను, ఫిర్కాలను రద్దుచేసి మండలాలను ఏర్పరచింది. రాజధాని నగరంలోనూ చార్మినార్, గోల్కొండ, ముషీరాబాద్, సికింద్రాబాద్ తాలూకాల స్థానే మండలాలు వచ్చాయి. అమీర్‌పేట, ఖైరతాబాద్, నాంపల్లి, సైదాబాద్, బహదూర్‌పుర వంటి 16 మండలాలతో హైదరాబాదు జిల్లా రూపుదిద్దుకున్నది. కుల, ఆదాయ ధృవపత్రాలు, ప్రభుత్వ భూముల రక్షణ అక్కడి తహసీల్దార్ల బాధ్యత.

జిల్లా అంతా పట్టణమే కావడంతో అక్కడ పంచాయతీలు లేవు. కనుక మండల పరిషత్తులు లేవు, జిల్లా పరిషత్తూ లేదు. వీధి, మురుగుకాలువ, చెత్త వంటివి కార్పొరేషన్ చూస్తుంది. 2007లో పొరుగున వున్న 12 పురపాలక సంఘాలను కలిపి మహానగర కార్పొరేషన్‌ను ఏర్పరచి, 150 డివిజన్లుగా విభజించారు. డివిజన్ల హద్దులకు, మండలాల హద్దులకు పొంతన లేదు. మన ప్రాంతం నుంచి కూలి పనులకు వెళ్లి అక్కడ స్థిరపడినవారు తాము ఏ మండలంలో, ఏ డివిజన్‌లో వున్నదీ విడివిడిగా తెలుసుకోవలసిందే.

ఇది ఎక్కడో దూరాన వున్న నగరం గొడవ అని భోగాపురం వాసులు కొట్టిపారేయడానికి వీలులేదు. దాదాపు 2,200 ఎకరాల్లో అంతర్జాతీయ విమానాశ్రయం ఇక్కడే చేపట్టారు. మండలం ఇప్పటికే విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ పరిధిలో వున్నది. అంతమాత్రాన పంచాయతీలు పోవు. కాని రేపు వూళ్లు పట్టణంగా మారితే తహసీల్దారు వుంటారు. సర్పంచి, ఎంపీటీసీ వుండరు. గ్రామీణ ప్రాంతాలకే పరిమితమైన ఉపాధి పనులు ఆగిపోతాయి. ఇంటిపన్ను లెక్కా మారుతుంది. అందుకు ప్రతిగా వీధి దీపాలు, కాలువలు, మంచినీటి కుళాయిలు మెరుగుపడవచ్చు.

పక్కనే వున్న విశాఖ అనుభవం కూడా గమనించదగినది. అక్కడి కార్పొరేషన్ పాలకవర్గం గడువు 2012లో ముగియగా, మళ్లీ ఎన్నికలు జరిగింది 2021లో. 2013లో అందులో విలీనమైన భీమునిపట్నం, అనకాపల్లి ప్రజలకు అంతవరకు వార్డు సభ్యుడంటూ లేడు. గోడు చెప్పుకోవాలంటే అధికారులే దిక్కయ్యారు.

పట్టణం కావడం మంచిదా, చెడ్డదా అన్నది తర్వాతి మాట. ఎన్నికలు ఎప్పుడు పెడతారు, పన్ను ఎంత, కూలీలకు పని ఎలా అన్న ప్రశ్నలు గ్రామసభల్లో ముందే అడగాలి. హద్దులు గీసిన తర్వాత అడిగితే, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లే.