చెట్టు నీడా కావాలి, కూర మడీ కావాలి

ఈ వార్షికోత్సవానికి గుర్తుగా మన హాస్టల్ ఆవరణలో కూరగాయల మడులు కట్టించాలని పూర్వ విద్యార్థులు అనుకోవడం మాకెంతో సంతోషం కలిగించింది. గోడ గడియారాలు, ఫ్రేము కట్టిన ఫోటోలు బహూకరించే కంటే ఇది వెయ్యి రెట్లు మేలు. అయితే ఆ మడులు ఎక్కడ కట్టాలన్న దగ్గరే మాకు పేచీ ఉంది. వరండా ముందున్న కానుగ చెట్ల చుట్టూ, వెనకవైపు సరివి చెట్ల వరుస కింద ఇటుకలతో రెండడుగుల ఎత్తు గోడ లేపి, మట్టి నింపి, అందులో కూరగాయలు వేద్దామన్నది ఇప్పుడున్న ఆలోచన. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. దాతల పేర్ల పలక పెట్టుకోవడానికీ వీలుగా ఉంటుంది. కానీ అలా కడితే రెండేళ్లలో కూర ఉండదు, మరికొన్నేళ్లకు చెట్టూ ఉండదని మా అభిప్రాయం.

మన నేల సంగతి మనకు తెలియనిది కాదు. శ్రీహరికోట అంటే ఒకవైపు బంగాళాఖాతం, ఇంకోవైపు పులికాట్ సరస్సు, నడుమ ఇసుక దిబ్బ. మన హాస్టల్ ఉన్నదీ ఆ ఇసుక మీదే. కాస్త తవ్వితే చెమ్మ, ఇంకాస్త తవ్వితే నీళ్లు. కార్తీకంలో వానలు పట్టుకుంటే ఆ నీళ్లు మరీ పైకి వస్తాయి. వేరు కూడా ఊపిరి తీసుకుంటుందని సైన్సు పుస్తకంలో చదువుకున్నాం కదా. నీళ్లు నిలిచిన లోతులో గాలి ఉండదు కాబట్టి వేరు కిందికి దిగడం మాని పక్కలకు పాకుతుంది. అసలు ఏ నేలలోనైనా చెట్టుకు నీళ్లూ సత్తువా అందించే సన్న వేర్లలో ఎక్కువ భాగం పైన ఒకటిన్నర, రెండు అడుగుల మట్టిలోనే ఉంటాయి. అవి కొమ్మల నీడ అంచు దగ్గర ఆగవు, ఇంకా చాలా దూరం పోతాయి. మన ఇసుకలో ఆ పైపొర ఇంకా పలచన.

ఇదంతా పుస్తకం చూసి చెబుతున్న మాట మాత్రమే కాదు. మా నాయనలు, అమ్మలు సరివి తోటల్లో కూలికి పోయినవాళ్లు. మా ఇళ్లలో డిగ్రీ పట్టా పట్టుకున్న మొదటివాళ్లం మేమే. సరివి కొట్టాక మొద్దులు పెరికి పొయ్యి కట్టెలకు అమ్ముతారు. ఆ మొద్దు పెరికేటప్పుడు కిందికి తవ్వే శ్రమ కంటే పక్కలకు పరుచుకున్న వేర్లను తెంచే శ్రమే ఎక్కువని మా పెద్దవాళ్లు చెబుతారు. ఇంకో సంగతి. సరివి వేరు బుడిపెల్లో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి ఉండి గాలిలోని నత్రజనిని చెట్టుకు అందిస్తుంది. ఏ ఎరువూ వేయని సముద్రపు ఇసుకలో సరివి అంత ఏపుగా పెరగడానికి అదొక కారణం. ఆ బుడిపెలకూ గాలి కావాలి. ఒకప్పుడు శ్రీహరికోట అడవి కట్టెలు బకింగ్‌హాం కాలువలో పడవల మీద మద్రాసు పొయ్యిల్లోకి పోయేవి. ఆ అడవిలో తిరిగి, ఏ వేరు దేనికి పనికొస్తుందో తెలుసుకున్నవాళ్లు యానాదులు. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్న తర్వాత అక్కడి ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ కుటుంబాల పిల్లలు మన హాస్టళ్లలో ఉన్నారు. చెట్టు సంగతి ఇంజనీరును అడిగే ముందు వాళ్ల తాతలను అడిగితే బాగుంటుంది.

ఇక మట్టి నింపితే ఏమవుతుంది? ఇసుక మీద కూరగాయలు రావు కాబట్టి చెరువు ఒండ్రు తోలిస్తారు. ఒండ్రు మెత్తగా ఉంటుంది, తడిస్తే ముద్ద కడుతుంది. రెండడుగుల ముద్ద మీద పడ్డాక కింది వేర్లకు గాలి ఆడదు. పైగా చెట్టు మొదలు బెరడు ఎండకూ గాలికీ ఆరుతూ ఉండాల్సింది. దానికి తడిమట్టి ఒరుసుకుంటే కుళ్లు పట్టి పురుగు చేరుతుంది. చెట్టు వెంటనే చావదు, అదే మోసం. మేము చూసిన ఒక ఆఫీసు ఆవరణలో కానుగ చుట్టూ ఇలాగే గోడ కట్టి మట్టి పోశారు. మొదటి ఏడాది ఏమీ కాలేదు. మూడో ఏడాది పైకొమ్మలు ఎండాయి, ఆకు పలచబడింది. తర్వాత కొట్టేశారు. గోడ మాత్రం ఇప్పటికీ ఉంది.

మరి ఊరి రచ్చబండ మీద రావిచెట్టు నిక్షేపంగా ఉంది కదా అని కొందరన్నలు అడిగారు. మంచి ప్రశ్నే. రావి, మర్రి జాతి వేరు. వాటికి మాను నుంచే కొత్త వేర్లు పుట్టే గుణం ఉంది. కానుగ, సరివి ఆ జాతివి కావు.

గోడ పునాదికి తవ్వేటప్పుడు తెగే వేర్ల సంగతి ఇంతకంటే ముఖ్యం. మొదలు చుట్టూ నాలుగైదు అడుగుల లోపలున్న లావు వేర్లే చెట్టును నిలబెట్టేవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు వేళ్లతో సహా పెకలించుకుని పడ్డ చెట్లను టీవీలో అందరం చూశాం. మన తీరానికి తుఫాను కొత్త కాదు, 2023 డిసెంబరులో మిచౌంగ్ వానలు మరిచిపోయేంత పాతవి కావు. నానిన ఇసుక, తెగిన వేరు, ఈదురుగాలి, పక్కనే పిల్లలు పడుకునే గదులు. ఈ నాలుగూ ఒకచోట చేరకూడదు.

సరే, చెట్టును పక్కన పెట్టి కూర సంగతే చూద్దాం. మడిలో పేడ ఎరువు వేసి రోజూ నీళ్లు పోస్తాం. ఆ వాసన చెట్టు వేరుకు తెలియకుండా ఉంటుందా? ఒకటి రెండేళ్లలో అడుగు నుంచి వేర్లు పైకి పాకి మడంతా పీచు అల్లినట్టు అల్లుకుంటాయి. మనం పోసే నీళ్లు చెట్టు తాగుతుంది, తోటకూర వడలిపోతుంది. పైన నీడ. టమోటా, వంగ, బెండకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి.

మడులు వద్దని మేము అనడం లేదు. హాస్టల్ సాంబారులో ముక్కను వెతుక్కున్నవాళ్లం, ఆకుకూర విలువ మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. 2019లోనే కేంద్రం బడుల్లో పోషకాహార తోటలు పెంచాలని మార్గదర్శకాలు ఇచ్చింది. 2023 జూలై 14న చంద్రయాన్-3 మన నెత్తి మీదుగా ఎగిరిన నెలలోనే మదనపల్లె మార్కెట్లో టమోటా కిలో వంద రూపాయల పైనే పలికింది. ఆ నెలలో ఏ హాస్టల్ పప్పులో టమోటా కనిపించి ఉంటుంది?

స్నానాల గదుల వెనక, తూర్పు గోడ పక్కన ఖాళీ జాగా ఉంది. చెట్లకు దూరం, పొద్దుటి నుంచి ఎండ. బియ్యం, కూరలు కడిగిన నీళ్లు ఒక కాలువతో అక్కడికి మళ్లించవచ్చు (సబ్బు నీళ్లు మాత్రం కలవకూడదు). మూడడుగుల వెడల్పు, అడుగు ఎత్తు చాలు. మూడడుగులైతే మడిలో కాలు పెట్టకుండా రెండు పక్కల నుంచీ చేయి అందుతుంది, మట్టి గట్టిపడదు. ఒండ్రులో ఇసుక, చివికిన పేడ ఎరువు కలపాలి. తోటకూర విత్తితే నెల లోపే కోతకు వస్తుంది. గోంగూర, పాలకూర, గోడ మీదికి బచ్చలి పాకించడం తమ్ముళ్లకు కష్టం కాదు.

చెట్ల కిందా ఏదో ఒకటి ఉండాలని పట్టుబడితే, సిమెంటు గోతాల్లోనూ పగిలిన బకెట్లలోనూ మట్టి నింపి, అడుగున చిల్లులు పెట్టి, రెండేసి ఇటుకల మీద ఎత్తి పెట్టండి. కింద గాలి ఆడుతుంది, వేరు పైకి ఎక్కలేదు. నీడకు ఓర్చుకునే పసుపు, అల్లం, చేమ అందులో వస్తాయి. రాలిన సరివి పుల్లాకును ఊడ్చి తగలబెట్టకుండా చెట్టు కిందే వదిలేయండి. వంటగది దగ్గరి కొబ్బరి చెట్లకు ఇంత భయం అక్కర్లేదు. వాటివి పీచు వేర్లు, మొదట్లో కాస్త మట్టి ఎగదోసినా తట్టుకుంటాయి.

కరెంటు పోయిన ఏప్రిల్ మధ్యాహ్నాల్లో పరీక్షలకు చదివింది ఆ కానుగ నీడనే. పదో తరగతి తమ్ముళ్లు ఈ ఏడూ అక్కడే చదువుతున్నారు. పేర్ల పలక కావాలంటే తూర్పు గోడకు తాపడం చేయించండి, మాకు అభ్యంతరం లేదు. ఇటుకలు దించేది వచ్చే ఆదివారం కాబట్టి ఆ లోపే పూర్వ విద్యార్థుల సంఘం, వార్డెన్ గారు కూర్చుని జాగా తేల్చాలని కోరుతున్నాం. విత్తనాలు మేము తెస్తాం.