గిమ్మ ఎక్కడ ఉండేది?

పోయిన నెలలో మా పిన్ని ఫోన్ చేసింది. "ఒరేయ్, మీ చెల్లికి తెలుగులో 100కి 61 వచ్చాయిరా. లెక్కలకైతే ట్యూషన్ పెట్టిస్తాం. తెలుగుకి కూడా ట్యూషనంటే చుట్టాలు నవ్వుతారు. ఆదివారం నీ రూముకి పంపిస్తా, కాస్త చూడు" అంది.

చెల్లి తొమ్మిదో క్లాసు. నేనేమో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఈ కాలమ్ సంగతి పక్కన పెడితే, పదో క్లాసు తర్వాత నేను తెలుగులో రాసిన పెద్ద రచనలన్నీ అపార్ట్‌మెంట్ గ్రూపులో నీళ్ల ట్యాంకర్ గురించి పెట్టిన మెసేజ్‌లే. అయినా ధైర్యంగా సరే అన్నాను. ఎందుకంటే బళ్లో ఉన్నప్పుడు "కింది పేరా చదివి జవాబులు రాయండి" అనే ప్రశ్నలో నాకు ఒక్క మార్కు కూడా పోలేదు.

చెల్లి ప్రశ్నపత్రం తెచ్చింది. అపరిచిత గద్యం దగ్గరే ఎక్కువ మార్కులు పోయాయి. నేను కాలరెగరేసి నా టెక్నిక్ చెప్పాను. "పేరా చదవకు. ముందు ప్రశ్న చదువు. ప్రశ్నలో ఉన్న మాట పేరాలో ఎక్కడుందో వెతుకు. ఆ వాక్యం కింద గీత గియ్యి. 'ఎక్కడ' అని అడిగితే 'లో' ఉన్న ముక్క, 'ఎందుకు' అని అడిగితే 'వల్ల', 'తో' ఉన్న ముక్క ఎత్తి రాసెయ్. అయిపోయింది."

"అన్నయ్యా, ఇది చదవడమా, కంట్రోల్ ఎఫ్ కొట్టడమా?" అంది.

"మార్కులొచ్చాయా లేదా?"

నమ్మలేదు. సరే, నిరూపిస్తానని అప్పటికప్పుడు ఒక పేరా కల్పించి రాసిచ్చాను.

"పూర్వం డింకాపురంలో ఒక గిమ్మ ఉండేది. అది రోజూ పొద్దున్నే జోరకలో బొరిమెలు టుంకేది. ఒకరోజు ఝంపిక రావడంతో గిమ్మ టుంకడం మానేసి గుమ్మెరలో దాక్కుంది."

కింద మూడు ప్రశ్నలు. గిమ్మ ఎక్కడ ఉండేది? రోజూ ఏం టుంకేది? టుంకడం ఎందుకు మానేసింది?

చెల్లి అర నిమిషంలో మూడూ రాసేసింది. డింకాపురంలో. బొరిమెలు. ఝంపిక రావడంతో. మూడుకి మూడు! ఇద్దరం పడీపడీ నవ్వాం.

నవ్వు ఆగాక అడిగింది. "ఇంతకీ గిమ్మ అంటే ఏంటి?"

"నాకేం తెలుసు!"

"పిట్టా? మనిషా? దొంగా? ఝంపిక వస్తే భయపడి దాక్కుందా, ఏడిపిద్దామని దాక్కుందా?"

అక్కడ దొరికిపోయాను. ఆ పేరాలో ఒక్క మాటకీ అర్థం తెలియకుండా మా చెల్లి నూటికి నూరు తెచ్చుకుంది. అంటే నా టెక్నిక్ చక్కగా పనిచేసింది. అదే కదా అసలు గొడవ. నేను బళ్లో పదేళ్ల పాటు చదివినవన్నీ గిమ్మలేనా?

గుర్తు చేసుకుంటే దాదాపు అంతే. పద్యం వస్తే ప్రతిపదార్థం, భావం గైడులో ఉండేవి. పాఠం వస్తే కవి పరిచయం, సారాంశం బోర్డు మీద రాసేవారు, మేం నోట్సులోకి ఎక్కించేవాళ్లం. పరీక్షలో నోట్సు నుంచి పేపర్లోకి దించేవాళ్లం. ఆ దారిలో కథ మా బుర్రలోంచి వెళ్లిందే కానీ ఎక్కడా ఆగలేదు. పోనీ సార్లని అందామా? క్లాసు నిండా పిల్లలు, అవ్వాల్సిన సిలబస్, దిద్దాల్సిన పేపర్ల కట్టలు. ఒక్కొక్కడి సొంత అభిప్రాయం చదివి మార్కులేయాలంటే ఆయనకి ఎన్ని రాత్రులు కావాలి? అందుకని పేరాలోని వాక్యం దించితే టిక్కు. అది అందరికీ సుఖం.

పీసా అని ఒక అంతర్జాతీయ పరీక్ష ఉంది. 15 ఏళ్ల పిల్లలకి పెడతారు. 2009 విడతలో మన దేశం నుంచి తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పిల్లలు రాశారు. పట్టికలో దాదాపు అట్టడుగున నిలిచాం. ఆ పరీక్షలో చదవడాన్ని మూడు మెట్లుగా చూస్తారు. సమాచారం వెతికి పట్టుకోవడం మొదటిది. చదివినదాన్ని అర్థం చేసుకోవడం రెండోది. దాన్ని బేరీజు వేసి, మనమేం అనుకుంటున్నామో ఆలోచించడం మూడోది. నా కంట్రోల్ ఎఫ్ మొదటి మెట్టు మీదే కాపురం పెట్టేసింది.

"ఇప్పుడు కథల గురించి అంత అవసరమా బ్రో, జాబ్ వస్తే చాలదా" అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. నేనూ అలాగే అనుకున్నాను, రెండేళ్ల క్రితం దాకా.

అప్పుడు మా టీంకి రిలీజ్ వారం. శుక్రవారం సాయంత్రం అమ్మ నుంచి వాట్సాప్‌లో మెసేజ్. "నాన్నకి కొంచెం నలతగా ఉంది. కంగారేం లేదు. నీ పని పాడు చేసుకోకు. ఆదివారం ఏమన్నా వస్తున్నావా?"

నేను మీటింగ్‌లో కూర్చుని కంట్రోల్ ఎఫ్ కొట్టాను. ప్రశ్న: ఏమన్నా ప్రమాదమా? జవాబు: కంగారేం లేదు. గీత గీసేశాను. "రిలీజ్ ఉందమ్మా, వచ్చే వారం వస్తా. నాన్నని టాబ్లెట్ వేసుకోమను" అని కొట్టి, కింద ఒక బొటనవేలు బొమ్మ కూడా పెట్టాను.

మంగళవారం రాత్రి పెదనాన్న ఫోన్. నాన్న హాస్పిటల్లో ఉన్నారు. డెంగ్యూ. ప్లేట్‌లెట్స్ పడిపోయాయి. ఉన్నపళంగా రాత్రి బస్సెక్కాను. దేవుడి దయ, వారం రోజుల్లో లేచి తిరిగారు. ఇప్పుడు నాకంటే హుషారుగా ఉన్నారు. కానీ ఆ రాత్రి బస్సులో నిద్ర పట్టక అమ్మ మెసేజ్ మళ్లీ తీశాను. ఈసారి నిజంగా చదివాను.

మా అమ్మ మెసేజ్‌లు టైప్ చెయ్యదు. ఎప్పుడూ వాయిసే. కూరగాయల ధర చెప్పాలన్నా రెండు నిమిషాల వాయిస్. ఆరోజు మాత్రం టైప్ చేసింది. ఎందుకు? గొంతు వణికితే నాకు తెలిసిపోతుందని. మా అమ్మ ఎప్పుడూ "ఎప్పుడొస్తావురా" అని దబాయించి అడుగుతుంది. ఆరోజు "ఏమన్నా వస్తున్నావా" అని మెత్తగా అడిగింది. "నీ పని పాడు చేసుకోకు" అన్న వెంటనే ఆదివారం ఊసెత్తింది. ఆ నాలుగు వాక్యాల్లో "రా" అనే మాట లేదు. కానీ ఆ మెసేజంతా "రా" అనే పిలుపే.

మూడు ఆధారాలు నా కళ్ల ముందే ఉన్నాయి. నేనే చూడలేదు. బళ్లో నాకెవరైనా "ఈ పాత్ర రోజూ మాట్లాడే తీరుకి, ఇవాళ మాట్లాడిన తీరుకి తేడా ఏంటి? ఎందుకు?" అని పదిసార్లు అడిగి ఉంటే, ఆ శుక్రవారమే బస్సెక్కేవాణ్ణేమో.

సరే, మళ్లీ ఆదివారం దగ్గరికొద్దాం. గిమ్మ పేపర్ చింపేసి, ఫోన్‌లో గురజాడ "దిద్దుబాటు" తీశాను. చిన్న కథ, ఒక్క కూర్చోడంలో అయిపోతుంది. కథ చివర ఏమవుతుందో ఇప్పుడు చెప్పేస్తాను. 1910లో వచ్చిన కథకి స్పాయిలర్ అంటే మాత్రం ఒప్పుకోను.

గోపాలరావు సాని పాట చూసి అర్ధరాత్రి దాటాక ఇంటికొస్తాడు. భార్య కమలిని కనపడదు. కోపంతో నౌకరు రాముణ్ణి కొడతాడు, కొట్టినందుకు వెంటనే నొచ్చుకుంటాడు. తర్వాత బల్ల మీద ఉత్తరం దొరుకుతుంది. తాను ఇంట్లో ఉండటం వల్లే మీరు అబద్ధాలాడాల్సి వస్తోంది కాబట్టి పుట్టింటికి పోతున్నానని కమలిని రాసింది. అతను కుంగిపోతాడు. ఆవిణ్ణి తీసుకురమ్మని, ఇక సాని పాటల జోలికి వెళ్లనని చెప్పమని రాముడికి అప్పజెబుతాడు. అంతలో మంచం కింద నుంచి నవ్వు వినిపిస్తుంది. కమలిని ఎక్కడికీ పోలేదు!

"ఇప్పుడు చెప్పు, కమలిని ఎక్కడికి వెళ్లింది?" అన్నాను.

"కంట్రోల్ ఎఫ్ కొడితే పుట్టింటికి. నిజంగా అయితే మంచం కిందికి" అంది. ఒక్క క్షణం ఆగి, ఫోన్ లాక్కుని పైకి స్క్రోల్ చేసింది. "అన్నయ్యా! అంటే ఆయన, రాముడు మాట్లాడుకున్నవన్నీ ఆవిడ వింటూనే ఉందన్నమాట!"

అంతే. కథ రెండోసారి మొదలైంది. మొదటిసారి చదివినప్పుడు గదిలో ఇద్దరే ఉన్నారు. ఇప్పుడు ముగ్గురున్నారు. అక్షరం మారలేదు, కథ మాత్రం మారిపోయింది. ఉత్తరంలోని వినయం కూడా మారిపోయింది. "ఆవిడ మర్యాదగా వాయించేసింది కదా!" అంది చెల్లి. కాదు, నిజంగానే బాధపడి రాసిందని నేనన్నాను.

ఆ తర్వాత అసలు గొడవ పడ్డాం. గోపాలరావు నిజంగా మారాడా?

నేను మారాడన్నాను. భార్య వింటోందని తెలియకుండానే తప్పు ఒప్పుకున్నాడు, ఎవరి మెప్పు కోసమూ కాదు, అదే నా ఆధారం. చెల్లి ఒప్పుకోలేదు. "రాముణ్ణి కొట్టాక కూడా వెంటనే బాధపడ్డాడుగా? ఒకే రాత్రి రెండుసార్లు తప్పు చేసి రెండుసార్లు ఫీలయ్యాడు. ఫీలవ్వడం ఆయనకి అలవాటే. మూడోసారి చెయ్యడని గ్యారంటీ ఏంటి?"

నా దగ్గర జవాబు లేదు. 61 మార్కుల పిల్ల దగ్గర ఓడిపోయాను. సాహిత్య విశ్లేషణ అంటే ఏదో యూనివర్సిటీ వాళ్లు చేసే పని అనుకుంటాం. ఆ అరగంటలో మేం చేసింది అదే. నీకేం అనిపించింది, ఏ లైను చూసి అనిపించింది. ఈ రెండే. రెండోది లేకపోతే అది ఊరికే అభిప్రాయం. యూట్యూబ్ కామెంట్లలో కావాల్సినంత దొరుకుతుంది.

ఇదేం ఇంగ్లిష్ వాళ్ల దగ్గర్నుంచి తెచ్చుకున్న విద్య కూడా కాదు. మన అలంకార శాస్త్రంలో మాటకి అభిధ, లక్షణ, వ్యంజన అని మూడు శక్తులు చెప్పారు. పైకి కనిపించే అర్థం అభిధ. అది పొసగనప్పుడు దానికి ఆనుకుని ఉన్న ఇంకో అర్థం పట్టుకోవడం లక్షణ. అనకుండానే తోచే అర్థం వ్యంజన. పాత పండితుల ఉదాహరణే ఒకటుంది, పొద్దు గూకింది అనే మాట. గొడ్లు కాసేవాడికి అది ఇంటికి తోలమని, దొంగకి బయల్దేరమని. వాక్యం ఒకటే. చెప్పేదెవరు, వినేదెవరు అన్నదాన్ని బట్టి అర్థం మారిపోతుంది. తొమ్మిదో శతాబ్దంలోనే ఆనందవర్ధనుడు దీని మీద "ధ్వన్యాలోకం" రాశాడు. మనకేమో ఇప్పటికీ మొదటి శక్తికే మార్కులు.

చెల్లికి నాలుగు ప్రశ్నలు రాసిచ్చాను. పాఠం, పద్యం, కథ, ఏది చదివినా అడుగుకోమన్నాను. మీ ఇంట్లో బడి పిల్లలుంటే మీరూ ఇవ్వండి.

ఒకటి, పుస్తకం మూసి రెండు వాక్యాల్లో సొంత మాటల్లో చెప్పగలనా? చెప్పలేకపోతే అది గిమ్మే.

రెండు, ఈ మాట ఎవరు, ఎవరితో, ఎందుకు అంటున్నారు?

మూడు, ఇక్కడ చెప్పకుండా వదిలేసింది ఏంటి?

నాలుగు, నేననుకుంటున్నదానికి ఆధారం ఏ లైను?

రోజుకి ఒక పేజీ చాలు. పరీక్ష హాల్లో టైం అయిపోతుంటే నా కంట్రోల్ ఎఫ్ వాడుకో, తప్పులేదు, కానీ ఇంట్లో మాత్రం వద్దు అని కూడా చెప్పాను. ఇవే నాలుగు ప్రశ్నలు వాట్సాప్ ఫార్వర్డ్ మీద వేసి చూడండి, సగం ఫార్వర్డులు రెండో ప్రశ్న దగ్గరే రాలిపోతాయి. ఆఫీసులో క్లయింట్ పంపే "చిన్న మార్పే" అనే మెయిల్ మీదా వేసి చూడండి. అది చిన్నది కాదని మూడో ప్రశ్న చెప్పేస్తుంది.

మొన్న చెల్లికి మళ్లీ పరీక్ష అయింది. పేరా చదివి జవాబులు సొంత మాటల్లో రాసిందట. ఒక జవాబుకి మార్కు కోసేసి, పక్కన ఎర్ర సిరాతో "పేరాలోని వాక్యం రాయాలి" అని పెట్టారు. ఆ పేపర్ ఫొటో తీసి నాకు పంపింది. కింద ఒకే ఒక్క మాట. "ఫర్వాలేదులే."

మామూలుగా మా చెల్లి మెసేజంటే పది ఎమోజీలుంటాయి. ఇందులో ఒక్కటీ లేదు.

బొటనవేలు బొమ్మ పెట్టబోయి ఆగాను. ఫోన్ చేశాను. నేననుకున్నట్టే, ఫర్వా ఉంది. కాసేపు ఏడ్చింది. ఆ మార్కు నా వల్లే పోయింది కాబట్టి నేను గీతోపదేశాలేం చెయ్యలేదు, విన్నానంతే. చివర్లో ముక్కు చీదుకుంటూ, "ఈ ఆదివారం కూడా రానా? ఇంకో కథ చదువుదాం" అంది.

"రా" అన్నాను. ఈ మాటకి మాత్రం ఒకటే అర్థం.