పలక నేర్పే డిజైన్

మీరు అఆలు దిద్దిన పలక గుర్తుందా? అది మార్కాపురం నుంచి వచ్చిందే అయ్యుండొచ్చు.

2020లో కరోనా వచ్చి కాలేజీలు మూతపడ్డప్పుడు డిజైన్ విద్యార్థులకు పెద్ద చిక్కొచ్చింది. లెక్కలైతే ఫోనులో చెప్పొచ్చు. డిజైన్ అలాకాదు. చేత్తో కోసి, అతికించి, పాడుచేసి మళ్లీ చేస్తేనే వచ్చే చదువది. ఇంట్లో వర్క్‌షాపు ఎక్కడిది?

మార్కాపురం పిల్లలకైతే ఉంది! రాయిని పొరలుగా చీల్చి, కొలతకు కోసి, చెక్కచట్రం బిగించే పనివాళ్లు ఆ ఊళ్లోనే ఉన్నారు. ఐఐటీ బొంబాయి, ఎన్‌ఐడీ, ఐఐటీ గువాహటి కలిసి రూపొందించిన 'డీసోర్స్'లో డిజైన్ పాఠాలు ఉచితంగా చదువుకోవచ్చు. పాఠం అక్కడ, పనిముట్టు ఇక్కడ.

మరి చేయాల్సిన పని? బోలెడుంది. నోటుపుస్తకాలూ ప్లాస్టిక్ పలకలూ వచ్చాక రాతి పలకకు గిరాకీ తగ్గింది. ఆ రాయితో కొత్త వస్తువులు చేయాలి. అంతకంటే ముందు, కోతలో లేచే దుమ్ము కార్మికుల ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఉపాయం కనిపెట్టాలి.

ఎక్కడో కూర్చున్న మాస్టారికి ఫోను తెరమీద ఆ దుమ్ము కనిపించదు. పక్కింటి పెద్దాయన దగ్గు వినిపించదు. అవి చెప్పాల్సింది విద్యార్థే. పాఠం ఎంత దూరం నుంచైనా రావచ్చు, ప్రశ్న మాత్రం మన ఊరి నుంచే వెళ్లాలి.