ఎవరు తీశారన్నది అనవసరమా?

“సినిమా బాగుందా లేదా అన్నదే చూడాలి గానీ, తీసినవాళ్ళెవరైతే ఏం?” క్వియర్, ట్రాన్స్ దర్శకులు తీసిన షార్ట్ ఫిల్ములకి ప్రత్యేకంగా ఒక ఫెస్టివల్ అనగానే మన సినిమా మిత్రులు అనే మొదటి మాట ఇది. అనేవాళ్ళు మూర్ఖులేం కాదు. ప్రపంచ సినిమా చూసినవాళ్ళు, కులం గురించీ స్త్రీవాదం గురించీ సరిగ్గానే మాట్లాడేవాళ్ళు. 1995లో ‘చిక్కనవుతున్న పాట’ దళిత కవితా సంకలనంగా వచ్చింది. అది కవిత్వాన్ని ముక్కలు చేసిందని వీళ్ళలో ఎవరూ అనరు. “సాహిత్యానికి కులమేమిటి” అనే పెద్దమనుషుల్ని వెక్కిరిస్తారు కూడా. మరి ఇక్కడికొచ్చేసరికి అదే పాత పాట ఎందుకు అందుకుంటున్నారు?

ఆ మాట వెంటే ఇంకోటి వస్తుంది: “మంచి సినిమా ఎక్కడైనా ఆడుతుంది.” ఆడుతుందా? శ్రీధర్ రంగాయన్ 2003లో ‘గులాబీ ఆయినా’ తీశారు, ఓ 40 నిమిషాల సినిమా. బయటి దేశాల్లో చూపించారు. ఇక్కడ సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ ఇవ్వనంది. ఆయనే 2010లో ముంబైలో కశిష్ క్వియర్ ఫిల్మ్ ఫెస్టివల్ మొదలుపెట్టారు. ఫెస్టివల్లో వేసే సినిమాలకి సర్టిఫికెట్ లేకపోయినా కేంద్ర సమాచార ప్రసార శాఖ మినహాయింపు ఇస్తుంది. అంటే మీరు “విడి గది” అంటున్నది చాలా సినిమాలకి ఈ దేశంలో దొరికే మొదటి తెర. కొన్నిటికి అదే ఆఖరుది కూడా.

ఇక అసలు ప్రశ్న, ఎవరు తీస్తే ఏం అన్నది. దీనికి ఒకే మనిషి చుట్టూ తిరిగిన రెండు సినిమాలు చాలు.

లివింగ్ స్మైల్ విద్య తమిళ ట్రాన్స్ రచయిత్రి, రంగస్థల నటి. ఆమె ఆత్మకథ ఆధారంగా బి.ఎస్. లింగదేవరు కన్నడంలో ‘నాను అవనల్ల... అవళు’ తీశారు. విద్య పాత్ర వేసిన సంచారి విజయ్‌కి 2014కి గాను జాతీయ అవార్డు వచ్చింది. విజయ్ బాగా చేశాడు, కాదనను. చిన్న వయసులోనే పోయిన మంచి నటుడు. కానీ ఆ అవార్డు పేరు చూడండి: ఉత్తమ నటుడు. “నేను అతణ్ణి కాదు, ఆమెని” అని టైటిల్లోనే మొత్తుకుంటున్న సినిమాకి!

తర్వాత 2017లో లీనా మణిమేకలై ‘ఈజ్ ఇట్ టూ మచ్ టు ఆస్క్’ అని ఒక చిన్న డాక్యుమెంటరీ తీశారు. అందులో అదే విద్య, స్నేహితురాలు ఏంజెల్ గ్లేడీతో కలిసి చెన్నైలో అద్దె ఇంటి కోసం తిరుగుతుంటారు. ఆమెగా నటించిన మగవాడికి జాతీయ అవార్డు, ఆమెకేమో టూలెట్ బోర్డుల వెంట తిరగడం. ఈ రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టి చూశాక కూడా “కథ ముఖ్యం, మనిషి కాదు” అనగలిగితే, మీ గుండె ధైర్యానికి దణ్ణం.

బయటివాళ్ళు తీస్తే ట్రాన్స్ మనిషి కథ దాదాపుగా ఆపరేషన్ దగ్గరో, ఇంట్లోంచి గెంటేయడం దగ్గరో, చావు దగ్గరో తిరుగుతుంది. అడ్వాన్సు ఎన్ని నెలలు అడిగారు, ఓనరు మొహం ఎలా పెట్టాడు, దాన్ని తల్చుకుని రాత్రి ఎంత నవ్వుకున్నాం, ఇవన్నీ అనుభవించినవాళ్ళకే కథగా తోస్తాయి. మా సాఫ్ట్‌వేర్‌లోనూ ఇంతే. వాడేవాళ్ళని పిలవకుండా వాళ్ళ గురించి గంటలకొద్దీ మీటింగులు పెడతాం. ఫలితం ఎలా ఉంటుందో మీ ఫోన్లో ఏ యాప్ తెరిచినా తెలుస్తుంది.

మన దగ్గర షార్ట్ ఫిల్మ్ అంటే విజిటింగ్ కార్డు. యూట్యూబులో నాలుగు పెట్టడం, అయిదోది పట్టుకుని నిర్మాత ఆఫీసు మెట్లెక్కడం. తరుణ్ భాస్కర్ ‘సైన్మా’ తీసి ఆ తర్వాత ‘పెళ్ళిచూపులు’ తీశారు, మంచిదే. కానీ ఆ మెట్లు అందరికీ ఒకే ఎత్తులో లేవు. ఇదే హైదరాబాదులో 1919 నాటి నిజాం కాలపు చట్టమొకటి ఉండేది. హిజ్రాలు ఆడబట్టలతో వీధిలో కనపడినా, ఆడినా పాడినా వారంటు లేకుండా పట్టుకుపోవచ్చని అందులో రాసుంది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో! ‘చిత్రం భళారే విచిత్రం’లో నరేష్ చీర కట్టుకుంటే పొట్టచెక్కలయ్యేలా నవ్వాం, ఇప్పటికీ టీవీలో వస్తే నవ్వుతాం. ఆ నవ్వులన్నీ నడిచినన్నాళ్ళూ ఆ చట్టం పుస్తకాల్లోనే ఉంది. అలాంటి ఊళ్ళో ట్రాన్స్ అమ్మాయి ఫ్రెండు కెమెరాతో, అద్దె గదిలో పన్నెండు నిమిషాల సినిమా తీస్తే అది విజిటింగ్ కార్డు కాదు. ఆమె తియ్యగలిగిన సినిమా అదే, పూర్తి సినిమా. దాన్ని అలాగే చూసే హాలు కావాలి.

ఫెస్టివళ్ళతో నాకూ పేచీ ఉంది. స్పాన్సర్ల బ్యానర్లు, ఇంగ్లీషులోనే సాగే చర్చలు, ఇంగ్లీషులోనే సబ్‌టైటిల్స్. తన బతుకు మీద తీసిన సినిమాని తానే చదువుకోలేక కూర్చునే మనిషిని ఆ హాల్లో ఊహించండి. హైదరాబాదులోనో విజయవాడలోనో వేస్తే తెలుగు సబ్‌టైటిల్స్ వెయ్యాలి. ఇది పెద్ద ఖర్చూ కాదు, చేసిపెట్టే కుర్రాళ్ళు బోలెడుమంది ఉన్నారు.

అన్నట్టు, “ఎక్కడైనా ఆడుతుంది” అన్నారు కదా. ఆ ఎక్కడైనాలో మీ ఫిల్మ్ క్లబ్ కూడా ఉంది. పోయిన అయిదేళ్ళలో మీరు వేసిన సినిమాల జాబితా ఒకసారి తీయండి. అందులో ట్రాన్స్ దర్శకులు తీసినవి ఎన్ని?